వదినగారి రెండో చప్పట

ఆమెకు ఒక పేరుందన్న సంగతి ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. రికార్డింగు స్టూడియో యజమాని ఆమెకు సొంత మరిది. అతను పొద్దస్తమానం "వదినా, వదినా" అని పిలుస్తూ ఉండడంతో వయొలిన్ వాయించేవాళ్లకీ, పాటలు పాడేవాళ్లకీ, మీటరు చూడ్డానికి వచ్చే కరెంటు మనిషికీ కూడా ఆమె వదినగారే అయిపోయింది. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన ఫ్లూటు కళాకారుడు సైతం అలాగే పిలిచేవాడు. ఒకసారి కొత్తగా వచ్చిన గిటారు మనిషి, "ఇంతకీ ఈవిడ ఎవరికి వదిన?" అని అడిగాడు. "లోపలున్న కంప్యూటరుకి" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. వదినగారు నవ్వలేదు. నిజమే కదా అన్నట్టు తల ఊపి, తన స్క్రూడ్రైవరు పని తాను చూసుకుంది.

పల్లెలో ఏడో తరగతి వరకు చదివింది. ఒకే గది, ఒకే పంతులుగారు, కూర్చోవడానికి ఈతాకుల చాప. లెక్కల్లో ఆమెను మించినవాళ్లు ఆ బడిలో లేరని పంతులుగారే ఒప్పుకున్నారు. త్రైరాశికం ఇస్తే పలక ముట్టుకోకుండానే జవాబు చెప్పేది. ఇంగ్లీషు మాత్రం అక్షరాల దగ్గరే ఆగిపోయింది. పెళ్లయ్యాక భర్త రేడియోలు బాగుచేసే దుకాణంలో పక్కన కూర్చుని సోల్డరింగు నేర్చుకుంది. ఆరు నెలలు తిరిగేసరికి అతను అతికించిన తీగకీ, ఆమె అతికించిన తీగకీ తేడా తెలిసిపోయేది. నున్నగా మెరిసేది ఆమెది. ఆ మాట భర్తే నలుగురిలో చెప్పేవాడు. అతను పోయాక దుకాణం మూసెయ్యమన్నారు బంధువులు. ఆమె మూయలేదు. రేడియోల కాలం పోయి టేపు రికార్డర్లు వచ్చాయి. అవి పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆమె చేతిలోంచి సోల్డరింగు కడ్డీ మాత్రం దిగలేదు.

ఆమె చేసినవి చెప్పుకోవాలంటే కాస్త తీరిక కావాలి. మరిది మేడ మీద స్టూడియో పెట్టి, ఎనిమిది మైకులు ఒకేసారి పట్టగల సౌండ్ కార్డు తెప్పించినప్పుడు, దాన్ని కంప్యూటరులో కూర్చోబెట్టడానికి వచ్చిన ఇద్దరు చదువుకున్నవాళ్లు రెండు రోజులు కుస్తీ పట్టి, కార్డు పాడైపోయిందని తేల్చి వెళ్లారు. వదినగారు ఆ కార్డు బయటికి తీసి, దాని అంచున ఉన్న పసుపు పచ్చని పళ్లను పెన్సిలు తుడిచే రబ్బరుతో తుడిచి, వేరే గాడిలో పెట్టింది. అరగంటలో ఎనిమిది మైకులూ పలికాయి. ఇంకో స్టూడియోలో ఏడాదిగా వినిపిస్తున్న గుయ్‌మనే మోత గోడ అవతల ఉన్న ఫ్రిజ్‌దని చెప్పి, ఫ్రిజ్ జరిపించి, మోత ఆపించింది. నూట నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకంతో వచ్చిన కార్డును, పుస్తకం తెరవకుండా, సొంతంగా గీసుకున్న ఒకే ఒక్క బొమ్మతో నడిపించింది. ఇలా మొత్తం పదకొండు స్టూడియోలు. ఏ స్టూడియోలోనూ యంత్రం తప్పువల్ల పాడినవాళ్లు మళ్లీ పాడవలసి రాలేదు. ఈ ముక్క ఆమె ఎక్కడ కూర్చున్నా చెప్పేది. వినేవాళ్లు లేచి వెళ్లబోతే మోచెయ్యి పట్టుకుని మరీ చెప్పేది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. రికార్డింగు మొదలయ్యే ముందు గదుల తలుపులన్నీ తెరిపించి, గడపలో నిలబడి ఒక చప్పట కొట్టేది. అది ప్రతి మైకులోనూ పడుతుంది. తెర మీద ఒక్కో మైకుకి ఒక్కో గీత. గీతలన్నింటిలోనూ ఆ చప్పట సూదిమొనల్లా ఒకదాని కింద ఒకటి నిలబడితే అన్నీ కలిసి నడుస్తున్నట్టు లెక్క. ఇది చాలామంది చేసేదే. పాటలన్నీ అయిపోయాక, యంత్రం ఆపకముందు మళ్లీ తలుపులు తెరిపించి రెండో చప్పట కొట్టడం మాత్రం ఆమె ఒక్కతే చేసేది. టేపు రికార్డర్ల రోజుల్లో, రబ్బరు బెల్టు సాగి టేపు వెనకబడిందేమో చూడ్డానికి భర్త అలా రెండుసార్లు బల్ల మీద కొట్టేవాడు. కంప్యూటరుకి బెల్టు లేదు. అయినా ఆమె మానలేదు.

"పాట అయ్యాక చప్పట్లు జనం కొట్టాలి కానీ, మీకు మీరే కొట్టుకుంటే ఎలాగండీ వదినగారూ?" అనేవాడు ఫ్లూటు పెద్దాయన.

"మీ పాటకి కొట్టేవాళ్లు లేకే కదా నేను కొట్టేది" అనేది ఆమె.

ఆ స్టూడియోకి తరచుగా వచ్చేవాళ్లలో ఒక గాయని, ఆమె అన్నయ్య ఉండేవారు. చెల్లెలికి అరవై ఆరు, అన్నకి డెబ్బై రెండు. ఆమె పాడితే వెనక డ్రమ్స్ వాయించేది ఎప్పుడూ ఆయనే. నలభై ఏళ్లుగా అంతే. ఆయన్ని అందరూ మాస్టారనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. తాళం దగ్గర ఆయన్ని ఎవరూ ఎదిరించలేరు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ ఏడు గాయని గొంతులో ఏదో పెరిగింది. ఆపరేషను మంగళవారం అని ఖాయం చేశారు. మాట మిగులుతుంది, పాట సంగతి హామీ ఇవ్వలేమన్నారు డాక్టర్లు. ఆమె ఏడవలేదు. మరిదికి ఫోను చేసి శుక్రవారం స్టూడియో కావాలంది.

"ఎనిమిది పాటలు. మధ్యలో ఆపకూడదు బాబూ. ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. అందరం కలిసే కూర్చుంటాం. అన్నయ్య ఉండాల్సిందే."

అందరూ కలిసి కూర్చుంటే పదహారు మైకులు కావాలి. మాస్టారి డ్రమ్ములకే ఎనిమిది. ఉన్న కార్డు పట్టేదీ ఎనిమిదే. అందుకని మరిది అదే కంపెనీవాళ్ల రెండో కార్డు, కొత్త రకం, తెప్పించాడు. అది గురువారం పొద్దున వచ్చింది.

రెండు కార్డులు ఒక కంప్యూటరులో పెట్టడంలో ఒక చిక్కుంది. ప్రతి కార్డులోనూ ఒక చిన్న గడియారం ఉంటుంది. సెకనుకి నలభై ఎనిమిది వేల సార్లు ఆ గడియారం టక్కుమంటే, టక్కుమన్నప్పుడల్లా కార్డు ధ్వనిని కొలిచి రాసుకుంటుంది. ఏ రెండు గోడ గడియారాలూ నెలంతా ఒకే టైము చూపించనట్టే, ఏ రెండు కార్డుల గడియారాలూ పూర్తిగా కలిసి నడవవు. అందుకని ఒక పొట్టి తీగతో రెండింటినీ కలిపి, "నువ్వు నీ గడియారం చూడకు, దాని గడియారం చూడు" అని రెండో కార్డుకి తెర మీద చెప్పాలి. ఆ చెప్పే చోట ఇంగ్లీషులో నాలుగైదు వరుసలుంటాయి. వదినగారు వాటిని ఎన్నడూ చదవలేదు. వేరే రెండు స్టూడియోల్లో ఇలాగే జంట కార్డులు పెట్టింది. పైనుంచి మూడో వరుస నొక్కాలని ఆమెకు కంఠతా వచ్చు.

పొట్టి తీగ తగిలించి, కంప్యూటరు డబ్బా మూత బిగించి, ఆమె తెర ముందు కూర్చుంది. మరిది టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.

"కొత్త రకం కదా వదినా, ఆ వరుసలు ఒకసారి చదివి చెప్పనా?"

"నువ్వు టీ తాగు."

"నే చదవడానికి ఎంతసేపు…"

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్నాను. కళ్లు మూసుకుని చెయ్యగలను."

నిజంగానే కళ్లు మూసుకుంది, మరిదిని ఏడిపించడానికి. తెరిచి, పైనుంచి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి నొక్కింది. పరీక్షకి ఒక చప్పట కొట్టి చూస్తే పదహారు గీతల్లో పదహారు సూదులు ఒకే వరుసలో నిలబడ్డాయి. "చూశావా?" అంది. మరిది టీ తాగేశాడు.

శుక్రవారం వదినగారి మొదటి చప్పట పడ్డాక రికార్డింగు ఏ ఆటంకమూ లేకుండా జరిగింది. డ్రమ్ముల మోత మిగతా మైకుల్లోకి పోకుండా మాస్టారిని అద్దాల గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. అన్నాచెల్లెళ్లు అద్దంలోంచి ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నలభై నిమిషాలు ఆపకుండా సాగించారు. పాటకీ పాటకీ మధ్య ఆమె రెండు గుక్కల నీళ్లు తాగడం, ఆయన అరచేతులు తుడుచుకోవడం తప్ప విరామం లేదు. హెడ్‌ఫోన్లలోకి ధ్వని, మైకులన్నీ కలిపే మిక్సరు నుంచి నేరుగా వస్తుంది, కంప్యూటరులోకి వెళ్లి రాదు. కాబట్టి ఆ గదిలో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఎనిమిదో పాట అయ్యాక అందరూ కూర్చున్నచోటే ఉండిపోయారు. వదినగారు ఆ నిశ్శబ్దంలోనే తలుపులు తెరిచి, గడపలో నిలబడి, రెండో చప్పట కొట్టింది. ఫ్లూటు పెద్దాయన ఆ రోజు ఏమీ అనలేదు.

శనివారం పొద్దున అన్నాచెల్లెళ్లు వినడానికి వచ్చారు. మొదటి పాట, రెండో పాట నిండుగా ఉన్నాయి. నాలుగో పాట దగ్గర మాస్టారు కుర్చీలో సర్దుకున్నాడు. ఆరో పాటకి ఆయన ముఖం మారింది. ఏడోదానికి ఇక దాచడానికి ఏమీ లేదు. చెల్లెలి గొంతు అడుగు వేశాక, ఆయన దెబ్బ ఆ అడుగుజాడలో పడుతోంది. ఎనిమిదో పాటలో అయితే ముసలి మనిషి మెట్లెక్కుతున్నట్టుంది.

గాయని మొహమాటపడింది. "అన్నయ్యా, చివర్లో అలిసిపోయినట్టున్నావు."

"అలిసిపోలేదు."

"చెయ్యి కొంచెం బరువెక్కింది, అంతే. పరవాలేదులే."

ఆయన మరిది వైపు తిరిగాడు. "యంత్రంలో ఏమన్నా తేడా ఉండచ్చా బాబూ?"

మరిది వదినగారి వైపు చూశాడు. ఆమె వెంటనే అందుకుంది. "నేను పెట్టిన కార్డు తప్పు చెయ్యదండీ. పదకొండు స్టూడియోల్లో అడగండి."

మాస్టారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరివో చూసినట్టు కాసేపు వాటినే చూశాడు. లేచేటప్పుడు మరిదితో, "నా సామాను ఇక్కడే ఉంచెయ్యి. ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యి" అన్నాడు. చెల్లెలు బయట రిక్షా పిలవడానికి వెళ్లింది. ఆయన మెట్లు ఒక్కొక్కటే దిగాడు. నిన్నటిదాకా రెండేసి దిగే మనిషి.

ఆదివారం మధ్యాహ్నం వదినగారు ఒక్కతే కూర్చుని పాటల ముందూ వెనకా ఉన్న దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ కత్తిరిస్తోంది. ఆ వరసలో చివరికి వచ్చి రెండో చప్పట దగ్గర ఆగింది. గాయని మైకులో, వయొలిన్ మైకులో, ఫ్లూటు మైకులో, మొదటి కార్డు గీతలు ఎనిమిదింటిలోనూ సూదులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. డ్రమ్ముల మైకుల ఎనిమిది సూదులూ కుడివైపుకి జరిగి ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తెర మీద కొలిస్తే సెకనులో పదహారో వంతు తేడా.

ఆ చప్పట మాస్టారు కొట్టింది కాదు. ఆమె కొట్టింది. తన రెండు చేతులు ఒక మైకులో ఇప్పుడూ, ఇంకో మైకులో ఆలస్యంగానూ కలుసుకోవు.

ఆమె సెట్టింగుల వరుసలు తెరిచింది. ఎదురుగా గోడకి తగిలించిన, పాత కార్డుకి తాను చూసి గీసుకున్న బొమ్మలోని వరుసలతో అక్షరం అక్షరం పోల్చింది. కొత్త కార్డులో పైన ఒక కొత్త వరుస చేర్చారు. దాంతో మిగతావన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. ఆమె నొక్కవలసింది నాలుగోది. మూడోది, "నీ గడియారం నువ్వే చూసుకో" అనేది. రెండు కార్డులూ నలభై నిమిషాలు ఎవరి దారిన వారు నడిచాయి. మొదటి చప్పటకి కలిసే బయలుదేరాయి కాబట్టి తేడా కనపడలేదు.

పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. తరవాత కింది అంతస్తులో ఉన్న మరిదిని పిలిచి తెర చూపించింది. అతను రెండుసార్లు విని, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరిచెయ్యడం కుదురుతుందా?"

"కుదురుతుంది. రెండు చప్పట్లూ ఉన్నాయి కదా. నలభై నిమిషాలకి ఇంత తేడా అయితే, అయిదు నిమిషాలకి ఎంత? త్రైరాశికం. పాటకీ పాటకీ మధ్య కోసి, డ్రమ్ములని అంతంత ఎడమకి జరుపుతాను. రేపు పొద్దుటికి అయిపోతుంది."

"అయితే ఇంకేం! సరిచేసి పంపేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"మాస్టారికి?"

"ఆయన విని, నా చెయ్యి బాగానే ఉంది, ఆ రోజు నేనే సరిగ్గా వినలేదు అనుకుంటాడు."

"అనుకోడు. నా చెయ్యి వెనకబడితే పాపం వీళ్లు అతుకులేశారు అనుకుంటాడు. అంతకన్నా వెనకబడ్డదే నయం."

మరిది ఆలోచించాడు. తప్పు ఆమెది కాబట్టి ఒప్పుకోమనడానికి అతనికి నోరు రాలేదు, వద్దనడానికి మనసు రాలేదు. చివరికి, "పోనీ కార్డు తప్పని చెబుదాం వదినా. కొత్త రకం కదా, ఏదో తేడా చేసిందని. అబద్ధమేం కాదు" అన్నాడు.

"కార్డు ఏం చేసింది? నేను నొక్కిన వరుస ప్రకారమే నడిచింది."

ఆ రాత్రి ఆమె పెందరాళే పడుకుంది. సోమవారం పొద్దున తెల్లకాగితం మీద పెన్సిలుతో లెక్క వేసింది. ఎనిమిది పాటలు, ఎనిమిది తేడాలు. డ్రమ్ముల గీతలు కోసి జరిపింది. చివర్లో రెండో చప్పట పదహారు సూదులూ ఒకే వరుసకి వచ్చాయి. అప్పుడు కంప్యూటరు నుంచి రెండు బొమ్మలు కాగితం మీద తీయించింది. ఒకటి జరపకముందుది, ఒకటి జరిపాకది. వాటిని మడిచి సంచిలో పెట్టుకుని గాయని ఇంటికి బయలుదేరింది. మరిది వస్తానన్నాడు. వద్దంది.

ఆ ఇంట్లో ఆస్పత్రికి సర్దిన పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. మాస్టారు కిటికీ పక్కన పేపరు చదువుతున్నాడు. గాయని పైటకొంగుకి చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రండి వదినగారూ. పాటలు పట్టుకొచ్చారా?"

"తెచ్చాను. ముందు మాస్టారితో ఒక మాట చెప్పాలి." కూర్చోమన్నా కూర్చోలేదు. "శనివారం నేనన్న మాట తప్పండీ. వెనకబడ్డది మీ చెయ్యి కాదు. రెండో కార్డుకి నొక్కాల్సింది నాలుగో వరుస. నేను మూడోది నొక్కాను. చదివి చెబుతానని మరిది అన్నాడు, నేను వద్దన్నాను."

మాస్టారు పేపరు దించాడు. "నన్ను ఓదార్చమని మీ మరిది పంపాడా?"

"ఓదార్చడం నాకు రాదని ఊరందరికీ తెలుసు."

మొదటి బొమ్మ ఆయన ముందు పరిచి, సూదులు వేలితో చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేమిటి?"

"రెండో చప్పట. మీరు డ్రమ్ముల మీంచి చేతులు తీసేశాక కొట్టాను. చెల్లెలిగారి మైకులో ఇక్కడ పడింది. మీ మైకుల్లో ఇక్కడ పడింది."

"చప్పట ఎవరిది?"

"నాదే."

ఆయన మడత పడిన చోట కాగితాన్ని బొటనవేలితో సరిచేశాడు. చివరికి, "అంటే మీరు కూడా నాలాగే ఆలస్యంగా కొట్టారన్న మాట" అన్నాడు.

"అవునండీ. సరిగ్గా అంతే ఆలస్యంగా."

గాయని రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. ఆమెకి సూదుల సంగతి ఎంత అర్థమైందో తెలియదు కానీ, అన్న ముఖం చూసి మొత్తం అర్థమైనట్టుంది. "రెండు రోజులుగా అన్నం ముట్టలేదు ఈ మనిషి" అంది. వదినగారిని అందో, తననే అనుకుందో చెప్పలేం. తరవాత అన్నతో, "చెయ్యి బరువెక్కిందన్నాను. ఆ మాట తీసేసుకుంటున్నా" అంది.

"నువ్వన్నావు సరే, నేనెలా నమ్మాను?" అన్నాడాయన. "నలభై ఏళ్లు కొట్టినవాడిని. నా చెయ్యి నాకు తెలియదా?"

పాటలు పెట్టుకుని ముగ్గురూ విన్నారు. ఎనిమిదో పాట వచ్చినప్పుడు మాస్టారు రెండు వేళ్లతో కుర్చీ చెయ్యి మీద మెల్లగా కొడుతూ కూర్చున్నాడు. వేళ్లూ, డ్రమ్ములూ ఒక్కచోటే పడ్డాయి. అయిపోయాక ఆయన పేపరు మళ్లీ తెరిచి, పేపరు చాటునుంచే, "మీ మరిదికి చెప్పండి, నా సామాను ఎవరికీ ఇవ్వద్దని" అన్నాడు.

మంగళవారం ఆపరేషను అయింది. డాక్టర్లు చెప్పినట్టే మాట మిగిలింది, సన్నగా. పాట మిగల్లేదు. ఆ ఎనిమిది పాటలే చివరివి. మాస్టారు ఆ తరవాత వేరేవాళ్ల పాటలకి నాలుగేళ్లు వాయించాడు. రికార్డింగు అయిపోగానే అద్దాల గదిలోంచి బయటికొచ్చి, "వదినగారూ, మీ చప్పట" అని ఆయనే గుర్తుచేసేవాడు. ఆమె కొట్టి, తెర చూసి, "ఇద్దరం టైముకే ఉన్నాం" అనేది.

ఆ తరవాత వదినగారు ఇంకో మూడు స్టూడియోల్లో కార్డులు పెట్టింది. మొత్తం పద్నాలుగు. కొత్త కార్డు వచ్చినప్పుడల్లా మూత బిగించాక తెర ముందు కుర్చీ ఖాళీ చేసి మరిదిని పిలిచేది. "ఇటు రా. పైనుంచి ఒక్కొక్క వరుసా చదువు. మింగెయ్యకుండా చదువు." అతను చదివేవాడు. ఆమె కాగితం మీద తెలుగులో రాసుకునేది. అన్నీ రాశాకే నొక్కేది.

తాను చేసినవి చెప్పడం మాత్రం మానలేదు. రబ్బరుతో తుడిచిన కార్డు, గోడ అవతలి ఫ్రిజ్, తెరవని పుస్తకం, అన్నీ వరసగా చెప్పేది. మళ్లీ పాడవలసి రాలేదన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి, గొంతు తగ్గించకుండా, పట్టుకున్న మోచెయ్యి వదలకుండా, "ఒకసారి మూడో వరుస నొక్కి ఒక పెద్దమనిషి చెయ్యి ముసలిదైందని అందరినీ నమ్మించాను. ఆయన్ని కూడా" అనేది. విన్నవాళ్లు ఇది గొప్పల్లో చేరుతుందా, తప్పుల్లో చేరుతుందా తెలియక ఆమె ముఖం చూసేవారు. ఆమె అప్పటికే త్రైరాశికం సంగతి ఎత్తుకునేది.